500 డేస్ ఆఫ్ సమ్మర్

మార్క్ వెబ్ దర్శకత్వంలో 2009లో వచ్చిన అమెరికన్ రొమాంటిక్ కామెడీ. గ్రీటింగ్ కార్డులకు మాటలు రాసే టామ్ (జోసెఫ్ గోర్డన్-లెవిట్), ప్రేమాగీమా వద్దని ముందే చెప్పేసిన సహోద్యోగిని సమ్మర్ (జోయీ డెషనెల్)పై మనసు పారేసుకుంటాడు. కథ రోజుల వరుస తప్పి ముందుకీ వెనక్కీ దూకుతుంది. పార్టీ ఘట్టంలో తెర రెండుగా చీలి ఒకపక్క టామ్ ఆశపడింది, మరోపక్క నిజంగా జరిగింది కనిపిస్తాయి. సమ్మర్ వేలికి ఉంగరం రెండో పక్కనే ఉంటుంది. విమర్శకుడు రోజర్ ఈబర్ట్ నాలుగు నక్షత్రాలిచ్చారు. సమ్మర్‌కు సొంత మనసే లేదని, ఆమె మగవాడి ఊహల్లోని బొమ్మ అని తప్పుపట్టినవారూ ఉన్నారు. కథంతా టామ్ కళ్లతోనే చూపించారని గమనిస్తే ఆ ఫిర్యాదు సగం వీగిపోతుంది. చాలామంది ప్రేక్షకులు టామ్‌పై జాలిపడి సమ్మర్‌ను తిట్టుకున్నారు. తప్పు ఎక్కువగా టామ్‌దేనని గోర్డన్-లెవిటే తర్వాత అన్నారు.