పాలు, సుద్దపొడి, రెండు వారాలు

యాంటాసిడ్ సీసా మీద చిన్న అక్షరాల్లో ఒక హెచ్చరిక కనిపిస్తుంది: డాక్టరు చెబితే తప్ప పూర్తి మోతాదులో రెండు వారాలకు మించి వాడవద్దని. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1974లో ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మే యాంటాసిడ్‌లకు నిబంధనలు రాసినప్పుడు ఈ గడువును చేర్చింది. మందుల షాపులో అడగగానే ఇచ్చే గులాబీ రంగు ద్రవానికి ఇంత జాగ్రత్త ఎందుకని చాలామంది కొట్టిపారేస్తారు. కానీ ఈ గడువు ఎవరో గదిలో కూర్చుని ఊహించి రాసింది అనిపించదు. కడుపులో మంట చల్లారితే జబ్బు నయమైనట్టేనని వైద్యులే దశాబ్దాల పాటు నమ్మారు. దాని ఫలితాలు చూశాక ఈ హెచ్చరికను తేలిగ్గా తీసుకోలేం.

జీర్ణాశయంలో ఉన్నది హైడ్రోక్లోరిక్ ఆమ్లమని ఇంగ్లండ్ వైద్యుడు విలియం ప్రౌట్ 1824లో ప్రచురించిన వ్యాసంలో చూపాడు. ఆమ్లం లేనిదే పుండు లేదన్న సూత్రాన్ని 1910లో కార్ల్ ష్వార్ట్జ్ చెప్పాడు. ఆ సూత్రాన్ని చివరికంటా ఆచరణలో పెట్టినవాడు షికాగో వైద్యుడు బెర్‌ట్రామ్ సిప్పీ. 1915లో ఆయన ప్రకటించిన చికిత్సలో రోగి పొద్దున్నించి సాయంత్రం దాకా గంటగంటకీ కొద్దికొద్దిగా పాలూ మీగడా కలిపి తాగాలి. మధ్యమధ్యలో వంటసోడా, మెగ్నీషియా, సుద్ద అంటే కాల్షియం కార్బొనేట్ కలిసిన పొడులు మింగాలి. గొట్టం వేసి కడుపులోని రసం తీసి పరీక్షిస్తారు. ఆమ్లం ఇంకా మిగిలి ఉంటే పొడుల మోతాదు పెంచుతారు. నొప్పి తగ్గింది, రోగులు సంతోషించారు. ఆసుపత్రులు దశాబ్దాల పాటు ఈ పద్ధతినే పాటించాయి. పుండు పడ్డవాడికి పాలకంటే మేలైన పథ్యం లేదన్న నమ్మకం మన ఇళ్లలోనూ ఉన్నదే కాబట్టి, ఇది మనకు వింతగా తోచదు.

ఎనిమిదేళ్లు తిరక్కుండానే నష్టం బయటపడింది. మేయో క్లినిక్‌కు చెందిన హార్ట్, రివర్స్ అనే వైద్యులు 1923లో ఈ చికిత్సలో ఉన్న కొందరికి తలనొప్పి, వికారం, తలతిరుగుడు, పాలంటేనే ఏవగింపు వస్తున్నాయని రాశారు. మూత్రపిండాలు కూడా దెబ్బతింటున్నాయని గమనించారు. 1949లో బర్నెట్ బృందం దీర్ఘకాలం పాలూ క్షారాలూ తీసుకున్నవారిలో రక్తంలో కాల్షియం పెరిగిపోవడాన్ని వివరించింది. జరిగేది ఇదీ: పాల నుంచీ సుద్ద నుంచీ కాల్షియం రక్తంలో చేరుతుంది, క్షారం రక్తపు గుణాన్నే మారుస్తుంది, ఆ స్థితిలో మూత్రపిండాలు కాల్షియాన్ని బయటికి పంపలేవు. వాంతులతో ఒంట్లో నీరు తగ్గేకొద్దీ పరిస్థితి ఇంకా విషమిస్తుంది. పాలూ విషం కాదు, సుద్దా విషం కాదు. మోతాదూ కాలమూ కలిసి వాటిని అలా చేశాయి.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. అప్పట్లో వేరే మందు ఏముంది? పైగా యాంటాసిడ్‌లు నిజంగానే పుండ్లు మాన్పాయి కదా? అవును. 1977లో వెలువడిన ఒక పరీక్షలో రోజుకు ఏడుసార్లు యాంటాసిడ్ తాగినవారిలో, ఉత్తుత్తి మందు తాగినవారికంటే చాలా ఎక్కువమందికి నాలుగు వారాల్లో డుయోడినల్ పుండు మానింది. సిప్పీ ఊహ పూర్తిగా తప్పని అందుకే అనలేను. అయితే మానిన పుండు చాలామందిలో మళ్లీ వచ్చేది. కారణం 1980లలో ఆస్ట్రేలియాలో తేలింది. బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ ఆ పుండ్ల వెనుక హెలికోబాక్టర్ అనే బాక్టీరియా ఉందని చూపి 2005లో నోబెల్ బహుమతి అందుకున్నారు. మంట తగ్గినంతకాలం దాని కారణం వెతకాలన్న తొందర ఎవరికీ కలగలేదు. ఉపశమనం వల్ల కలిగిన అసలు నష్టం అదే.

ఇదంతా పాతకాలపు గొడవ, పెళ్లిభోజనం తిని రెండు మాత్రలు చప్పరించేవాడికి దీనితో పనేమిటి అనవచ్చు. నిజమే, అప్పుడప్పుడూ వాడేవారికి భయం అక్కర్లేదు. కానీ ఎముకల బలానికంటూ కాల్షియం మాత్రలు మింగేవారు పెరిగాక, దాదాపు మరుగున పడ్డ, రక్తంలో కాల్షియం పెరిగే ఆ పాత జబ్బు 1990ల నుంచి మళ్లీ వైద్యుల కంటపడింది. ఈసారి పాలు కూడా అవసరం లేకపోయాయి. వంటసోడా సంగతీ అంతే. అర చెంచాలో 600 మిల్లీగ్రాములకు పైగా సోడియం ఉంటుంది. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారికి అది చిన్న మొత్తం కాదు. ఈనోలోనూ సోడానే ఉంది, ఇడ్లీ పిండిలో పడేది కాబట్టి మందు కాదనుకుంటాం. యాంటాసిడ్‌లలో ఉండే మెగ్నీషియం విరేచనాలు తెస్తుంది, అల్యూమినియం మలబద్ధకం తెస్తుంది, అందుకే రెండిటినీ ఒకే సీసాలో కలుపుతారు. మూత్రపిండాలు బలహీనమైనవారి ఒంట్లో ఈ రెండూ పేరుకుంటాయి. థైరాయిడ్ మాత్రలు, ఐరన్, కొన్ని యాంటీబయాటిక్‌లు యాంటాసిడ్‌తో కలిస్తే ఒంటికి పట్టవు. ఎంత వ్యవధి ఇవ్వాలో మందునిబట్టి మారుతుంది: కొన్నిటికి రెండు గంటలు, థైరాయిడ్ మాత్రకు నాలుగు. మందుల షాపులో అడిగితే చెబుతారు.

రెండు వారాలు దాటినా మంట వదలకపోతే యాంటాసిడ్ బ్రాండు మార్చడం కాదు, డాక్టరును కలవడం పని. మింగడం కష్టమైనా, మలం నల్లగా వచ్చినా, బరువు తగ్గుతున్నా ఆ రెండు వారాలు కూడా ఆగనక్కర్లేదు. ఛాతీనొప్పి చేతికో దవడకో పాకి చెమటలు పట్టిస్తుంటే యాంటాసిడ్ తాగి చూద్దామనుకునే వ్యవధి అసలే లేదు. తాగాక కాస్త నెమ్మదించినా అది గుండెపోటు కాదనడానికి రుజువు కాదు.