కళాయివాని విద్య

తెలుగువారి వంటయింటిలో పులుపునకు గల ప్రాభవము మరి యే రుచికిని లేదు. చింతపండు పులుసు, చారు, గోంగూర, మామిడికాయ పప్పు, మజ్జిగపులుసు, వీనిలో ఏదియు లేకుండ గడచిన పూట అరుదు. అట్టి పుల్లని వంటను రాగి గుండిగలలోను ఇత్తడి తపేలాలలోను వండుకొనిన మన పెద్దలు, ఆ లోహములు పులుపుతో కలిసినచో విషప్రాయమగునని యెరిగియు వానిని విడువక, లోహమునకును అన్నమునకును నడుమ తెల్లని తగరపుపొర నొకదానిని నిలుపుకొని తరతరములుగా నిశ్చింతగ భుజించుచు వచ్చిరి. ఆ పొరయే కళాయి. లోహమువంటి గట్టి పదార్థముపై కంటి కానని మందమున వేరొక పదార్థమును పరచి, దాని గుణమును మార్చు విద్య నేడు మహా ప్రయోగశాలలలో వర్ధిల్లుచున్నది; ఆ విద్యకు మన వీధి మలుపున గుంట త్రవ్వి కొలిమి పెట్టుకొని కూర్చున్న కళాయివాడు పూర్వాచార్యుడని చెప్పుటకు నేను సంకోచింపను.

రాగికిని ఇత్తడికిని వంటయింటిలో అగ్రస్థానము లభించుటకు తగిన హేతువులు కలవు. రాగి వేడిని పాత్రయంతటను సమముగ వ్యాపింపజేయును, సుత్తె దెబ్బకు లొంగి కోరిన ఆకారమును పొందును, సొట్టపడినను బాగుపడును, పాడైనను తూకమునకు వెల పలుకును. ఆడపిల్లను అత్తవారింటికి పంపునపుడు ఇచ్చెడి బిందెలు, గంగాళములు, గుండిగలు కుటుంబమునకు నిలువధనమే. గోదావరి సీమలో అజ్జరము, శ్రీకాకుళము వైపున బుడితి, ఓరుగల్లు ప్రాంతమున పెంబర్తి ఇత్తడిపనికి పేరుపడిన గ్రామములు. కాని చింతపండులోని ఆమ్లము, గాలిలోని ప్రాణవాయువు తోడైనప్పుడు, రాగిని మెల్లమెల్లగ కరగించి ఆకుపచ్చని లవణములుగ మార్చును. కిలుము పట్టుట యనగా నిదియే. కిలుమెక్కిన పులుసు నోటికి వెగటై, కడుపులో త్రిప్పి, వాంతులు చేయించును. అందుచేతనే ఇంటివరకు పులుసును రాచిప్పలోను, చారును సత్తుగిన్నెలోను కాచుకొనెడివారు. సత్తుగిన్నె యనగా తగరపు గిన్నెయే. 232 డిగ్రీల వేడికే తగరము కరగును గనుక, చారు పోయకుండ ఉత్తగిన్నెను పొయ్యిపై పెట్టరాదని కొత్తకోడలికి ముందుగ చెప్పవలసివచ్చెడిది. అయితే పెండ్లిపందిరిలో వందలమందికి పులుసు కాచుటకు రాచిప్ప యేమి చాలును, సత్తుగిన్నె యేమి ఆగును? అచ్చట కళాయి వేసిన రాగి గుండిగయే శరణ్యము.

ఈ విద్య మిక్కిలి ప్రాచీనము. క్రీస్తు శకము 79లో వెసూవియస్ అగ్నిపర్వతము బ్రద్దలైన కాలమున మరణించిన రోమక పండితుడు ప్లినీ, తన ప్రకృతి చరిత్ర గ్రంథమున, తగరజాతి లోహమును పూసిన పాత్రలలో పదార్థములకు రుచి హెచ్చుననియు, కిలుము విషము అణగుననియు, ఆశ్చర్యకరముగ పాత్ర బరువు మాత్రము పెరుగదనియు వ్రాసియున్నాడు. పూత యెంత పలుచనిదో ఆయన ఆశ్చర్యమే సాక్ష్యము చెప్పుచున్నది. మన దేశమున అక్బరు పాదుషా వంటశాలలోని రాగి పాత్రలకు నెలకు రెండుమారులు కళాయి వేయించుచుండిరని అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో పేర్కొనెను. యువరాజుల పాత్రలకును అంతఃపురపు పాత్రలకును నెలకొక పర్యాయము. చక్రవర్తి భోజనమునకు సంబంధించిన వివరములలో కళాయి గడువునకు సైతము చోటు దక్కినదనగా, ఆ పొర అరుగుదలను ఎంత జాగరూకతతో కనిపెట్టియుండిరో ఊహింపవచ్చును.

తగరము మన నేలలో అరుదు. మలయా ద్వీపకల్పమున అది సమృద్ధిగ దొరకును; మచిలీపట్టణము మొదలైన తీరపు రేవులనుండి తెలుగు నేతగాండ్ర వస్త్రములు ఆ దిక్కునకు ఎగుమతి కాగా, తిరుగు ఓడలలో వచ్చిన సరుకులలో తగరమొకటి. కళాయికి కావలసిన రెండవ ద్రవ్యము నవాసాగరము, అనగా అమ్మోనియం క్లోరైడు. దానిని ఉత్తరాదిని కర్నాలు ప్రాంతమున ఇటుక ఆవములనుండి కుమ్మరులు సంగ్రహించుచుండిరి. నేతగాని మగ్గమునకును కుమ్మరి ఆవమునకును మన పులుసు గుండిగతో ఇట్టి చుట్టరికము ఏర్పడియుండినది.

ఇక ఆ పనితీరును కొంత నెమ్మదిగ చూడవలెను. కళాయివాడు ముందుగ నేలలో చిన్న గుంట త్రవ్వి, దానిలోనికి ఒక గొట్టమును దించి, రెండవ కొనకు తోలుతిత్తిని తగిలించి, బొగ్గులు పేర్చి నిప్పు రగిల్చును. తరువాతి కాలమున తిత్తికి బదులు చేతితో త్రిప్పు చక్రము వచ్చినది. ఈలోపల సహాయకుడైన కుర్రవాడు పాత్రలో ఇసుకయు గోనెగుడ్డయు వేసి, తాను అందులో నిలిచి, గోడనో గుంజనో చేతులతో పట్టుకొని, నడుమును ఇటునటు త్రిప్పుచు పాదములతో లోపలి మురికినంతయు తోమును. లోహము గులాబివన్నె దేలిన పిమ్మట పాత్రను పట్టకారుతో పట్టి నిప్పుపై కాచుదురు. తగినంత కాగినదని చెప్పుటకు కళాయివానివద్ద ఉష్ణమాపకము లేదు. చిటికెడు నవాసాగరము చల్లినప్పుడు లేచెడి తెల్లని ఘాటైన పొగయే వానికి కొలమానము. పొగ లేచుటయు, తగరపు కడ్డీని పాత్రకు తాకించుటయు, కరగిన చుక్కను దూదిపింజెతో చుట్టును రాచుటయు దాదాపు ఒక్కక్షణముననే జరుగవలెను. దూది వెళ్లిన దారి వెంట ఎర్రని లోహముపై వెండివన్నె పరచుకొనుచు పోవును; అంచువరకును చేరినంతనే పాత్రను నీటిలో ముంచగా చుయ్యిమని చప్పుడు వచ్చి, ఆ మెరుపు అట్లే గట్టిపడును. వేడి చాలకున్న తగరము ముద్దలు కట్టును. మించెనేని పూత పసుపువన్నెకు తిరిగి మాడును. ఈ రెండింటికి నడుమనున్న అదను వాని చేతికి తెలియును, కంటికి తెలియును.

ఈ పనిలోని రసాయన రహస్యము నవాసాగరమునందున్నది. గాలి సోకిన రాగిపై ఎల్లప్పుడును సన్నని భస్మపు పొర యేర్పడియుండును. అది యుండగా కరగిన తగరము అంటుకొనదు. నవాసాగరము వేడికి విడిపోయి అమ్మోనియాను, హైడ్రోక్లోరికామ్లమును విడుదల చేయును. ఆ ఆమ్లము భస్మమును తినివేసి శుద్ధలోహమును బయల్పరచును. ఆ మరుక్షణముననే తగరము వచ్చి చేరును. చేరి ఊరకుండదు, రాగితో కలిసి నడుమ నొక సంయోగలోహపు పొరను కల్పించుకొనును. ఆ బంధమువలననే కళాయి పెచ్చులుగ ఊడక అరిగియే పోవును. మొత్తము మందము మిల్లీమీటరులో నూరవవంతులతో లెక్కింపదగినంత మాత్రమే. నేడు పలుచని పొరలను వేయువారు ఉపరితలశుద్ధియే సగము పని యని చెప్పుదురు. మన కళాయివాని నడుముత్రిప్పుడును, తెల్లని పొగయు ఆ సగము పనియే.

నాకు ఇంతకంటె విలువైనదిగ తోచునది మరియొకటి కలదు. మన పెద్దలు ఇంటనున్న ప్రతి రాగిపాత్రకును కళాయి వేయింపలేదు. గుండిగకు వేయించిరి, త్రాగునీటి బిందెకును, పూజలోని ఉద్ధరిణెకును, తలగడ చెంత నుంచుకొను రాగిచెంబునకును వేయింపక, చింతపండుతో తోమి లోహమును నగ్నముగనే యుంచిరి. స్విట్జర్లాండు వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ నేగెలి, అత్యల్ప పరిమాణమున నీటిలో కరగిన రాగి సైతము సూక్ష్మజీవులను చంపునని కనుగొనెను. ఆయన మరణానంతరము 1893లో ఆ పరిశోధన ప్రకటితమైనది. 2008లో అమెరికా పర్యావరణ సంరక్షణ సంస్థ రాగి మిశ్రలోహములను సూక్ష్మజీవినాశక ఉపరితలములుగ నమోదు చేసినది. పులుపు తగులు చోట రాగిని కప్పుట, మంచినీరు నిలుచు చోట కప్పకుండుట యను వివేకమునకు ఆనాడు ఈ పరిశోధనల అండ లేదు, అనుభవమే ఆధారము. ఏ పూత మంచిదను ప్రశ్నకంటె ఎచ్చట పూత వలదను ప్రశ్న కష్టతరము. దానిని మన యిల్లాండ్రు పరిష్కరించుకొనిరి.

ఈ వృత్తికి పట్టిన చీడ సీసము. సీసము చౌక, తగరముతో కలిపిన సులభముగ కరగును, పూసిన క్షణమున మెరుపునకు లోటుండదు. కాని పులుపు దానిని కరగించి దేహములోనికి పంపును, అచ్చట అది నరములను, ఎముకలను ఆశ్రయించి యేండ్ల తరబడి నిలుచును. శుద్ధమైన తగరపు కడ్డీని చెవిచెంత వంచినప్పుడు కిరకిరమని యొక సన్నని ధ్వని వినవచ్చును. సీసము కలిసినకొలది ఆ ధ్వని మందగించును. సీసమైనచో కాగితముపై గీచినప్పుడు నల్లని చార పడును. ఈ పరీక్షలు తెలిసిన గృహస్థు తన యెదుటనే కడ్డీని బయటికి తీయించి, కొలిమి చెంత కూర్చుండి కళాయి వేయించుకొనెడివాడు. అట్టి గృహస్థుని చూచి నిజాయితీపరుడైన కళాయివాడు సంతోషించునేకాని కోపగింపడు.

కళాయికి తొలి దెబ్బ మద్రాసునుండి వచ్చినది. అచ్చటి కళాపాఠశాలలో 1898లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అల్యూమినియము పాత్రల తయారీని ప్రారంభించెను. ఆ పాత్రలకు కళాయి అక్కరలేదు, వెలయు తక్కువ. రెండవ దెబ్బ స్టెయిన్‌లెస్ స్టీలు. షెఫీల్డు నగరమున 1913లో హారీ బ్రియర్లీ క్రోమియము కలిపిన ఉక్కు తుప్పుపట్టదని గ్రహించెను. ఆ జాతి పాత్రలు కాలక్రమమున మన వంటయిండ్లను ఆక్రమించినవి. ఆ ఉక్కు రహస్యమును తెలిసికొనినప్పుడు ఆశ్చర్యము కలుగును. ఉక్కులోని క్రోమియము గాలితో కలిసి కొద్ది నానోమీటర్ల మందముగల పొరను తానే కప్పుకొనును. గీత పడినచో తానే పూడ్చుకొనును. కళాయివాని పొరకంటె వేలరెట్లు పలుచనిదైన యొక పొర వాని జీవికను హరించినది.

తగరమునకు మాత్రము వేరొక జన్మము సిద్ధించినది. వంటగ్యాసు ఇండ్లలో ప్రవేశించి ప్రమాదములు పెచ్చుపెరుగుచున్న జపానులో, 1962లో నవోయోషి టగుచి తగరభస్మముతో వాయువును పసికట్టు సాధనమును రూపొందించెను. వేడిగానున్న తగరభస్మముపై ప్రాణవాయువు చేరి విద్యుత్కణములను పట్టియుంచును. గ్యాసు వచ్చి ఆ ప్రాణవాయువును హరింపగానే కణములు విడుదలై విద్యుత్ప్రవాహము హెచ్చును, గంట మ్రోగును. మాడిన కళాయిపై ఏర్పడు మసక పొరయు తగరభస్మమే! అదే భస్మమును ఇండియము భస్మముతో కలిపి గాజుపై పలుచగ పరచిన పొర, వెలుతురును లోనికి విడుచుచు విద్యుత్తును కొనిపోవును. మన చేతిలోని ఫోను తెరయందును, వెలుతురును కొలుచు పెక్కు సాధనములందును ఉన్నది అట్టి పొరయే. కళాయి వేయని రాగిబిందె విద్యకును నేడు వారసులు కలరు. హైదరాబాదు చెంతనున్న బాలాపూరులోని ఎ.ఆర్.సి.ఐ. పరిశోధన కేంద్రమున, నీరు వడకట్టు పింగాణి గొట్టములకు వెండి నానోకణములను పట్టించి సూక్ష్మజీవులను తొలగించు విధానమును రూపొందించిరి. వెండికిని రాగివలెనే ఆ శక్తి కలదు.

కళాయివాడు పూర్తిగ మాయము కాలేదు. సరిగా కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలో వండిన ఆహారము తినదగినది కాదను నియమము మన దేశపు ఆహార నిబంధనలలో చోటు చేసికొనినది. హైదరాబాదు పాతబస్తీలో పెండ్లివిందులకు బిరియాని దమ్ముపెట్టు రాగి డేగిసాలకు కళాయి తప్పనిసరి. ఇటీవల ఇత్తడి పాత్రలను అటకలనుండి దింపుచున్న కుటుంబములు కూడ వాని యడ్రసు కొరకు వాకబు చేయుచున్నవి. దింపినవారు తగరపు కడ్డీని ఒకమారు చెవిచెంత వంపించుకొని వినుట మేలు.