సలాహుద్దీన్ సమాధి చెంత ముగ్గురు వైమానికులు

దమాస్కస్‌లో ఉమయ్యద్ జామె మస్జిద్ చేరువన సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ (మరణం 1193) సమాధి ఉన్న సంగతి పాఠకులు ఎరుగుదురు. ఆ చెంతనే మరి మూడు సమాధులున్నాయి. అవి సుల్తానులవీ కావు, ఉలమాలవీ కావు. 1914లో విమానాలు కూలి మరణించిన ఉస్మానియా సైనికాధికారులవి. ముస్లింలు, విమానయానం అనగానే మన రచయితలు అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్‌తో మొదలుపెట్టి ఆయనతోనే ముగిస్తారు. ఈ ముగ్గురి ప్రస్తావన అరుదు.

విమానం యుద్ధాయుధంగా మారినప్పుడు తొలి దెబ్బ తగిలింది ఉస్మానియా సేనకే. 1911 నవంబరు 1న లిబియాలో ఇటలీ వైమానికుడొకడు తన విమానం నుండి చిన్న బాంబులను చేతితో విసిరాడు. ప్రపంచంలో విమానం నుండి బాంబు వేయడం అదే ప్రథమమని చరిత్రకారులంటారు. మరుసటి సంవత్సరమే ఇస్తాంబుల్ సమీపాన యెషిల్‌కోయ్‌లో వైమానిక పాఠశాల వెలసింది. ఇంతలో బాల్కన్ యుద్ధాలు వచ్చి ఐరోపాలోని భూభాగం దాదాపు అంతా చేజారింది. (క్షతగాత్రుల సేవకు డాక్టర్ అన్సారీ నాయకత్వాన భారత ముస్లింలు వైద్య బృందాన్ని పంపినది ఆ సందర్భంలోనే.) కుంగిన ప్రజలకు ధైర్యం చెప్పాలి, అరబ్బు రాష్ట్రాలలో ప్రభుత్వ ప్రతిష్ఠ నిలపాలి. అందుకే ఇస్తాంబుల్ నుండి కైరోకు విమానయాత్ర తలపెట్టారు. ఆ కైరో 1882 నుండి ఆంగ్లేయుల ఆక్రమణలో ఉన్నదని మరువరాదు.

1914 ఫిబ్రవరి 8న, అనగా హిజ్రీ 1332లో, రెండు విమానాలు బయలుదేరాయి. ఫెత్హీ బే, సాదిఖ్ బేలది బ్లేరియో విమానం. దాని పేరు 'ముఆవెనతె మిల్లియ్యా'. నూరీ బే, ఇస్మాయిల్ హఖ్ఖీ బేలది దెపెర్దుసాఁ రకం. కొయ్య చట్రం, దానిపై గుడ్డ, రెక్కలను బిగించి పట్టే తీగలు: ఆనాటి విమానమంటే అంతే. బ్లేరియో రకపు రెక్కల పైతీగలు బలహీనమని నిర్మాత స్వయంగా ఒప్పుకోగా 1912లో ఫ్రెంచి సైన్యం ఒంటిరెక్క విమానాలను కొంతకాలం నిలిపివేసింది కూడా. అటువంటి యంత్రంతో ఫెత్హీ బే తారస్ పర్వతాలు దాటి దమాస్కస్ చేరాడు. ఫిబ్రవరి 27న అక్కడి నుండి జెరూసలేముకు బయలుదేరి తబరియ్యా సరస్సు సమీపాన కూలిపోయాడు. ఇద్దరూ మరణించారు. తీగ తెగిందని ఒక వాదన. చెప్పవలసిన ఇద్దరూ మిగలలేదు.

యాత్ర ఆగలేదు. పన్నెండు రోజులకు, మార్చి 11న, రెండవ విమానం యాఫా వద్ద సముద్రంలో పడింది. నూరీ బే మునిగి మరణించాడు, ఇస్మాయిల్ హఖ్ఖీ బతికి బయటపడ్డాడు. ఆ వైమానికుల సాహసాన్ని శంకించలేము. కాని తొలి ప్రమాదానికి కారణం తేలకముందే రెండవ జట్టును పంపినవారి తొందరను సమర్థించలేము. అక్కడ యంత్రం కంటే ప్రతిష్ఠే పెద్దదయింది.

చివరికి సలీం బే, కెమాల్ బే 1914 మే నెలలో కైరో చేరారు. వారి విమానం 'ఎద్రెమిత్' బైరూతు దాకా ఓడలో వచ్చింది. అక్కడి నుండే ఎగిరింది. విజయగాథలు వ్రాసేవారు ఈ ఓడ సంగతిని తరచు దాటవేస్తారు. దాచవలసినదేమీ లేదు; రెండు విమానాలు పోయిన తరువాత అదే వివేకం.

మృతుల స్మారకంగా ఇస్తాంబుల్‌లోని ఫాతిహ్ ప్రాంతంలో 1916లో ఒక స్తంభాన్ని నిలిపారు. దాని పైభాగం విరిగినట్లే చెక్కారు. నైరుతి తుర్కీలోని మెగ్రి అనే రేవు పట్టణం ఫెత్హీ బే పేరిట 1934లో ఫెత్హియె అయింది. కైరో చేరిన సలీం, కెమాల్‌ల పేర్లు మాత్రం అంతగా వినిపించవు.