కోలారు గనులు ఖాళీ చోటేనా?

శంషాబాద్‌లో విమానం దిగేవాళ్ళకు హైదరాబాద్ అంటే సాఫ్ట్‌వేర్ నగరం. అదే నగరం అవతలి కొసన, మౌలాలి దగ్గర, 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉంది. దేశంలోని చాలా రియాక్టర్లకు ఇంధనం అక్కడే తయారవుతుంది. ఇంధనం ఎక్కడ పుడుతుందో గొప్పగా చెప్పుకుంటరు. వాడిన తర్వాత అది ఎవరి పక్కన ఉంటుందని మాత్రం అడగరు. దళిత చరిత్ర రాసేవాళ్ళం ఆ మాట అడగాలె.

రియాక్టర్ నుంచి తీసిన ఇంధనం విపరీతమైన వేడితో, రేడియోధార్మికతతో ఉంటుంది. దాన్ని ఏండ్ల తరబడి నీటి కొలనులో ముంచి ఉంచాలి. దీన్నే తాత్కాలిక నిల్వ అంటరు. ఈ తాత్కాలికం ఎంతకాలం? తారాపూర్ చూడండి. 1963 నాటి అమెరికా ఒప్పందంతో కట్టిన ఆ రెండు రియాక్టర్లు 1969లో మొదలైనయి. తర్వాత వాటి ఇంధన కట్టలు మన హైదరాబాద్‌లోనే తయారైనయి. 1974లో పోఖ్రాన్ పరీక్ష జరిగినంక అమెరికా పేచీ పెట్టింది. వాడిన ఇంధనాన్ని శుద్ధి చేసుకోనియ్యలేదు, తాను తీసుకుపోలేదు. 1993లో ఒప్పందం గడువు తీరింది. నిల్వ మాత్రం తీరలేదు.

కూడంకుళం కథా అంతే. రియాక్టర్ బయట నిల్వ కేంద్రాన్ని వీలైతే 5 ఏండ్లలో కట్టమని 2013 మే 6న సుప్రీంకోర్టు చెప్పింది. 2018లో ఆ గడువు 2022 దాకా పెరిగింది.

ఆ కేసు విచారణలో ఉండగానే, 2012 నవంబర్‌లో, ఈ వ్యర్థాలను చివరికి ఎక్కడ పాతిపెడతారన్న చర్చలో కోలారు బంగారు గనుల పేరు బయటికొచ్చింది. కె.జి.ఎఫ్. జనం రోడ్డెక్కిన్రు. అలాంటి ఆలోచనే లేదని కేంద్రం వెంటనే సర్దిచెప్పింది. కానీ ఆ పేరు ఊరికే రాలేదు. 1980లలోనే అణు శాస్త్రవేత్తలు ఆ గనిలో సుమారు కిలోమీటరు లోతున హీటర్లు పెట్టి, వేడికి రాయి ఎట్లా తట్టుకుంటుందో పరీక్షించిన్రు.

ఇంతకూ ఆ గని తవ్వింది ఎవరు? 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చినంక ఉత్తర ఆర్కాటు, సేలం జిల్లాల ఆది ద్రావిడులు, చిత్తూరు వైపు తెలుగు మాలలు పల్లె వెట్టి వదిలి అక్కడికి పోయిన్రు. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన్రు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో నిండి సచ్చిన్రు. అయినా అక్కడే తలెత్తుకోవడం నేర్చిన్రు. అయోతీదాసు బౌద్ధ సంఘానికి మారికుప్పంలో శాఖ నడిచింది ఈ కార్మికుల బలంతోనే.

2001లో గనులు మూతబడ్డయి. బంగారం పోయింది. సైనైడు కలిసిన మట్టిదిబ్బలు ఊరి నడుమ మిగిలినయి. గాలి లేస్తే ఆ దుమ్ము ఇండ్లలోకే వస్తుంది. అంటే వాళ్ళు ఒక పరిశ్రమ వదిలేసిన చెత్తను ఇప్పటికే మోస్తున్నరు.

చచ్చిన పశువును ఈడ్చేది మనం, ఊరి మురికి ఎత్తేది మనం. కొత్త మురికి పుట్టినా పాలకుల చూపు మన వాడ వైపే పోతుంది. భూగర్భ శాస్త్రానికి కోలారు గట్టి రాయి కావచ్చు. చరిత్రకు అది మన తాతల కష్టం. దాన్ని ఖాళీ చోటు అనే హక్కు ఎవరిచ్చిన్రు? తాత్కాలికం అనేవాళ్ళు ఎన్నేండ్లో చెప్పాలె. చోటు వెతికేవాళ్ళు ముందు అక్కడున్న మనుషుల్ని అడగాలె.