భయం నుంచి అభ్యాసానికి: హిప్నోబర్తింగ్ పుట్టుపూర్వోత్తరాలు

హైదరాబాద్ నగరానికి పడమట, హైటెక్ సిటీ, కొండాపూర్, గచ్చిబౌలిల నడుమ ఉన్న కొత్తగూడ, 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికి శేరిలింగంపల్లి మండలంలోని ఒక పల్లె. నేడు అక్కడి అపార్ట్‌మెంట్లలో కాపురముంటున్న యువ దంపతులలో చాలామంది ఐటీ ఉద్యోగాల కోసం ఇతర జిల్లాల నుంచీ రాష్ట్రాల నుంచీ వచ్చినవారు కావడంతో, తొలి కాన్పుకు ముందుగానే పుట్టింటికి వెళ్లి తల్లి, అమ్మమ్మ, మేనత్తల మధ్య నెలలు గడిపే ఆనవాయితీ అక్కడ సన్నగిల్లింది. పురుడు గురించి పెద్దల నోట వినవలసిన మాటలు వినే వీలు తగ్గినచోట, ప్రసూతి ఆసుపత్రులూ ప్రసవ శిక్షకులూ నిర్వహించే తరగతులు ఆ లోటును కొంత పూరిస్తున్నాయి. శ్వాసను నిదానించడం, కండరాలను వదులు చేయడం, మనసును ఒక ఊహపై నిలపడం అనే అభ్యాసాలను గర్భిణికీ ఆమె భర్తకూ కలిపి నేర్పే ఈ తరగతులలో తరచుగా వినిపించే పేరు హిప్నోబర్తింగ్.

సమ్మోహన స్థితి సాయంతో ప్రసవానికి సిద్ధం కావడాన్ని హిప్నోబర్తింగ్ అంటారు. సమ్మోహనమనగానే తెలివి తప్పడమనీ, మరొకరి వశం కావడమనీ భావించే అలవాటు ఉన్నప్పటికీ, ఇక్కడ ఆ మాటకు అర్థం వేరు. తెలివి పూర్తిగా ఉండగానే, ధ్యాస ఒకే విషయంపై నిలిచి, శరీరం సడలి, చెవినపడే సూచనలను మనసు సులువుగా స్వీకరించే స్థితి అది. తల్లి తనంతట తానే ఆ స్థితిలోకి వెళ్లడం నేర్చుకుంటుంది కనుక దీనిని స్వీయ సమ్మోహనం అనడమే సరైనది.

పురిటి గదిలో మనోధైర్యానికి ఉన్న విలువను గుర్తించడం కొత్త సంగతి కాదు. చరక సంహిత శారీరస్థానంలోని ఎనిమిదో అధ్యాయం సూతికాగార నిర్మాణాన్ని వివరిస్తూ, ప్రసవించే స్త్రీ చుట్టూ ఉండవలసినవారు పలుమార్లు కన్నవారు, ఆమెపట్ల ప్రేమ కలవారు, దిగులు పడనివారు, శ్రమకు ఓర్చుకోగలవారు అయి ఉండాలని చెబుతుంది. నొప్పి రానప్పుడు ముక్కవద్దని ఆమెకు బోధించాలనీ సూచిస్తుంది. తెలుగు పల్లెల్లో తరతరాలుగా కాన్పులు చేసిన మంత్రసానులు నడుము రాస్తూ, ధైర్యం చెబుతూ, నొప్పికీ నొప్పికీ నడుమ తల్లికి విశ్రాంతినిస్తూ చేసినదీ ఇదే. అయితే ఈ సంప్రదాయాన్ని ఆకాశానికెత్తి, ఆనాటి ప్రసూతి మరణాలను మరచిపోవడం చరిత్రకు న్యాయం చేయడం కాదు.

సమ్మోహనం వైద్యంలోకి వచ్చిన దారి

సమ్మోహన చికిత్స ఆధునిక చరిత్ర వియన్నాలో చదివిన వైద్యుడు ఫ్రాంజ్ మెస్మర్‌తో, 1770ల దశకంలో మొదలవుతుంది. మనుషుల శరీరాల్లో ఒక అదృశ్య అయస్కాంత ద్రవం ప్రవహిస్తుందనీ, దానిని సరిచేస్తే రోగాలు నయమవుతాయనీ ఆయన వాదించగా, గోవాలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన మతాచార్యుడు అబే ఫారియా 1813 నుంచి ఇచ్చిన ప్రదర్శనోపన్యాసాలలో ఆ వాదాన్ని తోసిపుచ్చి, సమ్మోహన స్థితికి మూలం ఎదుటివారి శక్తిలో కాక, లోనయ్యే మనిషి మనసులోనే ఉందని వివరించాడు. నేటి స్వీయ సమ్మోహన పద్ధతులన్నింటికీ ఆధారమైన ఈ సూత్రాన్ని అంత తొలినాళ్లలోనే చెప్పినవాడు భారతదేశంలో పుట్టినవాడు కావడం గమనించదగినది.

నొప్పి నివారణకు ఈ విద్యను పెద్దయెత్తున వాడిన ప్రయోగం కూడా ఈ దేశంలోనే జరిగింది. ఈస్టిండియా కంపెనీ కొలువులోని స్కాట్లండ్ వైద్యుడు జేమ్స్ ఎస్డేల్ 1845లో బెంగాల్‌లోని హుగ్లీలో, మత్తుమందులు ఇంకా వాడుకలోకి రాని రోజుల్లో, రోగులను సమ్మోహితులను చేసి శస్త్రచికిత్సలు చేయడం ఆరంభించాడు. మరుసటి ఏడు ప్రభుత్వం నియమించిన కమిటీ పరిశీలన తరువాత కలకత్తాలో ఇందుకొక ప్రత్యేక ఆసుపత్రి కూడా ఏర్పడింది. అదే దశకంలో మాంచెస్టర్ శస్త్రవైద్యుడు జేమ్స్ బ్రెయిడ్ తన 1843 నాటి గ్రంథంలో అయస్కాంత ద్రవం ఊసే లేకుండా ఈ స్థితిని శరీరధర్మాల పరంగా వివరించి, దానికి హిప్నాటిజం అన్న పేరును స్థిరపరిచాడు.

మత్తుమందు యుగం, హైదరాబాద్ పాత్ర

ఇంతలోనే రసాయనాలు రంగప్రవేశం చేశాయి. 1846 అక్టోబరులో బోస్టన్‌లో ఈథర్ ఇచ్చి శస్త్రచికిత్స బహిరంగంగా చేసి చూపగా, 1847 జనవరిలో ఎడిన్‌బరో వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ ఈథర్‌ను ప్రసవంలో వాడి, అదే ఏడు నవంబరుకల్లా క్లోరోఫారాన్ని ప్రవేశపెట్టాడు. 1853లో విక్టోరియా రాణి తన కాన్పులో జాన్ స్నో చేత క్లోరోఫారం ఇప్పించుకున్న తరువాత, పురిటి నొప్పిని తగ్గించడం దైవసంకల్పానికి విరుద్ధమన్న అభ్యంతరం బలం కోల్పోయింది. చుక్కలుగా వేసిన మందుతో నిమిషాల్లో ఫలితం కనిపిస్తుంటే, ఎంతో ఓపికతో గాని పనిచేయని సమ్మోహనం వెనుకబడిపోవడం సహజమే.

ఈ మత్తుమందు చరిత్రలో హైదరాబాద్‌కు విశిష్టమైన స్థానముంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్థిక సాయంతో, రెసిడెన్సీ వైద్యుడు ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888లోనూ 1889లోనూ జరిగిన రెండు క్లోరోఫారం కమిషన్ల పరిశోధనలు, ఆ మందు వల్ల కలిగే మరణాలకు కారణం శ్వాస ఆగడమా, గుండె ఆగడమా అన్న ప్రశ్నపై ప్రపంచ వైద్యలోకంలో పెద్ద చర్చను లేపాయి. ప్రమాదమంతా శ్వాసదేనన్న లారీ నిర్ణయాన్ని తరువాతి పరిశోధనలు కొట్టివేసినా, మందు ఇచ్చేటప్పుడు రోగి శ్వాసను కనిపెట్టుకుని ఉండాలన్న జాగ్రత్తకు ఆ చర్చ ప్రాచుర్యం తెచ్చింది. 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్‌లో చేరిన మహిళలలో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ ఈ వాతావరణంలోనే క్లోరోఫారం ఇవ్వడంలో నైపుణ్యం సాధించి, నగరంలోని ఆసుపత్రులలో దశాబ్దాలపాటు పనిచేసింది. ప్రపంచపు తొలి మహిళా మత్తువైద్యురాలిగా ఆమెను గుర్తిస్తారు. మందు చేతబట్టిన మనిషి రోగి ఊపిరిని గమనిస్తూ పక్కనే నిలబడాలన్న పాఠం, మందు వాడని పద్ధతులకూ అంతే వర్తిస్తుంది.

భయమే నొప్పికి మూలమన్న వాదం

ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో మార్ఫిన్, స్కోపొలమైన్ కలిపి ఇచ్చే 'సంధ్యా నిద్ర' పద్ధతి వచ్చింది. తల్లికి నొప్పి జ్ఞాపకం మిగలకుండా చేసే ఈ పద్ధతిలో, బిడ్డ పుట్టిన సంగతి కూడా ఆమెకు గుర్తుండేది కాదు. తన కాన్పులో తానే లేకుండా పోయే ఈ స్థితికి విరుగుడుగా సహజ ప్రసవవాదం తలెత్తింది. దానికి సిద్ధాంత రూపమిచ్చిన బ్రిటిష్ వైద్యుడు గ్రాంట్లీ డిక్-రీడ్, 1933లోనూ 1942లోనూ వెలువరించిన గ్రంథాలలో భయం, బిగింపు, నొప్పి అనే మూడూ ఒకదానినొకటి పెంచుకునే వలయమని ప్రతిపాదించాడు. భయపడిన తల్లి శరీరం బిగుసుకుంటుందనీ, బిగువు వల్ల నొప్పి ఎక్కువవుతుందనీ, నొప్పి మళ్లీ భయాన్ని పెంచుతుందనీ, జ్ఞానంతో భయాన్నీ సడలింపుతో బిగువునూ తొలగిస్తే ఆ వలయం తెగుతుందనీ ఆయన వాదం. ఆయన చెప్పిన శరీరనిర్మాణ వివరాలన్నీ నిలవకపోయినా, తీవ్రమైన భయంలో విడుదలయ్యే అడ్రినలిన్ వంటి హార్మోన్లు గర్భాశయ సంకోచాలకు ఆటంకం కలిగించగలవన్న విషయం తరువాతి శాస్త్రానికీ సమ్మతమే.

అయితే డిక్-రీడ్ వాదంలో ఒక పెద్ద దోషముంది. 'నాగరికత సోకని' జాతుల స్త్రీలు నొప్పి లేకుండా కంటారన్న వలసకాలపు ఊహ మీద ఆయన తన సిద్ధాంతంలో కొంత భాగాన్ని నిలిపాడు. పొలం గట్టున కని వెంటనే పనిలోకి దిగే కూలి స్త్రీకి నొప్పే ఉండదన్న మాట మన సమాజంలోనూ వినిపించేదే. ఆ మాట ఆ తల్లుల బాధను లెక్కలోకి రాకుండా చేయడమే తప్ప వారిని గౌరవించడం కాదు.

దాదాపు ఇదే కాలంలో అమెరికాలో ఎడ్మండ్ జేకబ్సన్ 1929 నాటి గ్రంథంలో క్రమ సడలింపు పద్ధతిని వివరించాడు. ఒక్కో కండర సమూహాన్ని బిగించి వదలడం ద్వారా బిగువుకూ సడలింపుకూ తేడాను శరీరానికే తెలియజెప్పే ఈ పద్ధతి నేటి ప్రసవ తరగతులలో చాలావాటికి పునాది. భారతదేశంలో శవాసనం హఠయోగ గ్రంథాల్లో ఎప్పటినుంచో ఉండగా, ముంగేర్‌లో బిహార్ యోగ విద్యాలయాన్ని స్థాపించిన స్వామి సత్యానంద సరస్వతి శరీర భాగాలపై వరుసగా ధ్యాసను తిప్పే యోగనిద్రను తీర్చిదిద్ది ప్రచారంలోకి తెచ్చాడు. హిప్నోబర్తింగ్ తరగతిలో వినిపించే సూచనలకూ యోగనిద్ర సూచనలకూ పోలిక ఉండటం వల్ల, తెలుగు గర్భిణులకు ఈ అభ్యాసం పరాయిదిగా తోచదు.

ఖార్కివ్ నుంచి పారిస్, న్యూహాంప్‌షైర్ దాకా

ప్రసవంలో సమ్మోహనాన్ని విస్తృతంగా పరీక్షించినది సోవియట్ వైద్యులు. 1920ల నుంచి ఖార్కివ్‌లో ప్లతోనోవ్, వెల్వోవ్‌స్కీ ప్రభృతులు గర్భిణులను సమ్మోహితులను చేసి కాన్పులు చేయగా, ఒక్కొక్కరికీ ఎంతో సమయం పట్టే ఆ పద్ధతి లక్షలమందికి అందించడానికి వీలు కానిదని తేలింది. అందువల్ల వెల్వోవ్‌స్కీ 1949లో సమ్మోహనాన్ని పక్కనబెట్టి, ప్రసవ క్రియను ముందుగా బోధించి, శ్వాస, ధ్యాసలకు తర్ఫీదునిచ్చే మనో నివారణ పద్ధతిని రూపొందించగా, 1951లో దానిని సోవియట్ ప్రభుత్వం దేశమంతటా అమలుకు పూనుకుంది. ఆ ఏడే అక్కడికి వెళ్లి చూసివచ్చిన ఫ్రెంచి వైద్యుడు ఫెర్నాండ్ లామేజ్, లోహ కార్మిక సంఘం నడిపే పారిస్ ఆసుపత్రిలో దానిని ప్రవేశపెట్టాడు. 1956లో పోప్ పన్నెండో పయస్ ఈ పద్ధతికి నైతికంగా అభ్యంతరం లేదని ప్రకటించాడు. లామేజ్ వద్ద కాన్పు పొందిన మార్జరీ కార్మెల్ 1959లో రాసిన పుస్తకం ద్వారా అది అమెరికాకు చేరి, మరుసటి ఏడు ఎలిజబెత్ బింగ్‌తో కలిసి ఆమె స్థాపించిన సంస్థతో వేళ్లూనుకుంది.

సోవియట్ వైద్యులు వదిలేసిన సమ్మోహనాన్ని తిరిగి తల్లి చేతికే అందించినది అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌కు చెందిన మేరీ మోంగన్. డిక్-రీడ్ రచనల ప్రభావంతో 1989లో ఆమె రూపొందించిన హిప్నోబర్తింగ్‌లో వైద్యుడు సమ్మోహితం చేయడముండదు. రెండున్నర గంటల చొప్పున అయిదు తరగతుల్లో దంపతులు నేర్చుకుని, ఇంటివద్ద రోజూ సాధన చేస్తారు. ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చి అంతకన్నా నెమ్మదిగా వదలడం, తల నుంచి పాదాల దాకా కండరాలను సడలించడం, ఒక ప్రశాంత దృశ్యాన్ని ఊహించడం, ధైర్య వాక్యాలను వింటూ ఉండటం, భుజంపై భర్త చేయి వేయగానే శరీరం వదులయ్యేలా అలవాటు చేసుకోవడం ఇందులోని ముఖ్యాంశాలు. నొప్పులు మొదలయ్యాక నేర్చుకోదగినవి కావు కనుక, వీటిని నెలల ముందే ఆరంభించడం అవసరం.

పరిశోధనలు తేల్చినది

ఈ పద్ధతి గురించి ప్రచారం చెప్పేదానికీ పరీక్షలు చెప్పేదానికీ మధ్య దూరముంది. సమ్మోహనంపై జరిగిన తొమ్మిది పరీక్షలను, 2,954 మంది స్త్రీల వివరాలతో కలిపి పరిశీలించిన 2016 నాటి కోక్రేన్ సమీక్ష, నొప్పి మందుల మొత్తం వాడకం కొంత తగ్గవచ్చుననీ, వెన్నులోకి మందు ఎక్కించి నడుము కింది నొప్పిని తెలియకుండా చేసే ఎపిడ్యూరల్ వాడకంలో మాత్రం స్పష్టమైన తేడా లేదనీ పేర్కొంది. 680 మంది గర్భిణులతో జరిగి 2015లో వెలువడిన బ్రిటన్ పరీక్షలోనూ ఎపిడ్యూరల్ తగ్గలేదు. కాని శిక్షణ పొందిన తల్లులు తాము ముందు అనుకున్నంత భయానికీ ఆందోళనకూ లోను కాలేదని కాన్పు తరువాత తెలిపారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నాటి మార్గదర్శకాలలో, కోరిన ఆరోగ్యవంతులైన తల్లులకు సడలింపు, శ్వాసాభ్యాసాలను నొప్పి ఉపశమన మార్గాలుగా సిఫార్సు చేస్తూనే, ఎపిడ్యూరల్‌నూ సిఫార్సు చేసింది. ఇవన్నీ కలిపి చూస్తే, ఈ అభ్యాసం నొప్పిని మాయం చేస్తుందనడం అసత్యమనీ, భయాన్ని తగ్గించడంలో దానికి నిజమైన విలువ ఉందనీ తేలుతుంది.

తెలంగాణలో దీని అవసరం

తెలంగాణకు ఈ విషయం ప్రత్యేకంగా ముఖ్యం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 21.5 శాతం కాన్పులు సిజేరియన్లు కాగా, తెలంగాణలో ఆ వాటా 60.7 శాతం, ఇక్కడి ప్రైవేటు ఆసుపత్రులలో 81.5 శాతం. మొదటి కాన్పు ఆపరేషన్ అయితే రెండోదీ అదే కావడం, మంచి ముహూర్తం చూసి బిడ్డను తీయించుకోవడం, ఆసుపత్రుల వేళలు, నొప్పుల భయం వంటి కారణాలు ఇందులో పెనవేసుకుని ఉన్నాయి. వీటిలో గర్భిణి చేతిలో ఉన్నది భయాన్ని ఎదుర్కోవడం ఒక్కటే కనుక, మిగిలిన భారమంతా శ్వాసాభ్యాసం మీద మోపడం తగదు. వ్యవస్థ కూడా మారవలసి ఉంది.

ఆ మార్పుకు బాట హైదరాబాద్‌లోనే పడింది. 1948లో లూర్డెస్ ఫెర్నాండెజ్ రెండు పడకలతో ఆరంభించిన ప్రసూతి కేంద్రం నుంచి ఎదిగిన ఫెర్నాండెజ్ ఆసుపత్రి, డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ చొరవతో 2011లో మిడ్‌వైఫరీ శిక్షణను, అంటే సాధారణ కాన్పులను స్వయంగా నడిపించగల నర్సులను తయారుచేసే విద్యను మొదలుపెట్టింది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం, యూనిసెఫ్‌లతో కలిసి కరీంనగర్‌లో ప్రభుత్వ నర్సులకు అదే శిక్షణ ఆరంభమైంది. 2018లో కేంద్రం మిడ్‌వైఫరీ సేవలకు జాతీయ మార్గదర్శకాలు ప్రకటించింది. నొప్పుల వేళ పక్కన నిలిచి శ్వాసను గుర్తుచేసే మనిషి లేకపోతే ఎన్ని తరగతులు విన్నా ఫలం తక్కువే అన్నది ఈ చరిత్ర పొడవునా కనిపించే సత్యం కనుక, హిప్నోబర్తింగ్‌కు నిజమైన తోడు ఇటువంటి నర్సులే.

కొత్తగూడ పరిసరాల్లో ఈ శిక్షణ ఇప్పుడు ఎక్కువగా ఫీజు చెల్లించగలవారికే అందుతున్నది. ఆ అపార్ట్‌మెంట్లను కట్టే భవన కార్మికుల భార్యలకూ, వాటిలో ఇళ్లపని చేసే స్త్రీలకూ కాన్పు భయం తక్కువేమీ కాదు. వారు వెళ్లే కొండాపూర్ ప్రభుత్వ ఆసుపత్రి వంటి చోట్ల, గర్భిణుల పరీక్షల రోజున అరగంటసేపు తెలుగులోనూ ఉర్దూలోనూ హిందీలోనూ శ్వాస, సడలింపు నేర్పడానికి ఖరీదైన పరికరమేదీ అక్కరలేదు. నేర్పేటప్పుడు నొప్పి లేని కాన్పును వాగ్దానం చేయకూడదు. ఎపిడ్యూరల్ అడిగిన తల్లినీ, ఆపరేషన్ అవసరమైన తల్లినీ ఓడిపోయినట్లు భావించుకోనీయకూడదు. ఫారియా నుంచి మోంగన్ దాకా దాదాపు రెండు శతాబ్దాల అన్వేషణ తల్లికి ఇచ్చినది పరీక్షలో నెగ్గే ఉపాయం కాదు, తన కాన్పులో తాను తెలివితో, ధైర్యంతో పాలుపంచుకునే హక్కు. అది ఏ మార్గాన బిడ్డను కన్న తల్లికైనా సమానంగా చెందుతుంది.