ఉపగ్రహం చూపే నేల పదును: పత్తి రైతు ఎంతవరకు నమ్మాలి?

దేవరకొండ ప్రాంతంలో వానాధారపు ఎర్ర చెల్కలే ఎక్కువ. పత్తి గింజ ఎప్పుడు పెట్టాలన్నది పదును మీదే ఆధారపడుతుంది. ఇప్పుడు ఫోన్లలో నేల తేమ పటాలు కూడా వస్తున్నాయి. పటం పచ్చగా ఉందని గింజ పెట్టి, మొలక ఎండిపోయి మళ్లీ విత్తుకున్న రైతులను చూశాను. అందుకే ఈ వివరాలు.

ప్రతి నేలా సహజంగానే బలహీనమైన రేడియో తరంగాలను వెలువరిస్తుంది. పొడి నేల నుంచి ఎక్కువ, తడి నేల నుంచి తక్కువ వస్తాయి. 2009లో యూరప్ పంపిన స్మాస్, 2015లో అమెరికా పంపిన స్మాప్ ఉపగ్రహాలు వీటిని పట్టి తేమను లెక్కగడతాయి. ఇందుకోసం 1400 నుంచి 1427 మెగాహెర్ట్జ్ వరకు ఎవరూ ప్రసారం చేయరాదని అంతర్జాతీయ రేడియో నిబంధన ఉంది. మన దేశంలో ఫ్రీక్వెన్సీల కేటాయింపు కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ విభాగం చూస్తుంది.

నిబంధన ఉన్నా పక్క పట్టీల రాడార్ల నుంచి, పాడైన పరికరాల నుంచి తరంగాలు ఇందులోకి కారుతుంటాయి. అలా కారినప్పుడు తడి నేల కూడా పటంలో పొడిగా కనిపిస్తుంది. మరీ ఎక్కువైతే ఆ కొలతనే తీసేస్తారు. ఒక్కో కొలత దాదాపు 40 కిలోమీటర్ల మేరకు సగటు. అంటే దేవరకొండ, కొండమల్లేపల్లి, చుట్టుపక్కల ఊళ్లు ఒకే అంకెలో పడవచ్చు. ఒకచోటి లోపం అందరి లెక్కనూ చెడగొడుతుంది.

ఇందులో మన ఇంటి డిష్ టీవీకీ పాత్ర ఉండవచ్చు. గిన్నె నుంచి టీవీకి వచ్చే కేబుల్‌లో సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తుంది. జపాన్‌లో ఇళ్ల టీవీ కేబుళ్లు, బూస్టర్ల లీకేజీ ఈ ఉపగ్రహాలకు అడ్డొచ్చింది. కేబుల్ తెగితే మెలివేసి టేపు చుట్టకండి, సరైన కనెక్టర్ బిగించండి. అనుమతి లేని సెల్ సిగ్నల్ బూస్టర్లు కొనకండి, అది నేరం కూడా.

ఇక విత్తనం సంగతి. ఈ ఉపగ్రహాలు చూసేది పై 5 సెంటీమీటర్ల మట్టినే. ఒక్క జల్లుకే పటం పచ్చబడుతుంది, రెండు ఎండలకు మళ్లీ మారిపోతుంది. నా అభిప్రాయంలో రెండు మూడు వారాల్లో తేమ పెరుగుతోందా, తగ్గుతోందా అని చూసుకోవడానికే పటం పనికొస్తుంది. పత్తికి చెల్కల్లో మొత్తం 50-60 మిల్లీమీటర్లు, నల్లరేగళ్లలో 60-75 మిల్లీమీటర్ల వాన పడాలి. జానెడు లోతు తవ్వి మట్టిని పిడికిట్లో నొక్కండి. ముద్ద కట్టకుండా రాలిపోతే, పటం ఏం చెప్పినా ఇంకో వాన దాకా ఆగండి.