మేడ్చల్ ఏడు ప్రశ్నార్థకాలైన కథ

జావా 17 గానీ అంతకు ముందుది గానీ ఉన్న విండోస్ కంప్యూటర్లో, జావాలో ఫైళ్ళు రాసే ఫైల్‌రైటర్‌తో ‘మేడ్చల్’ అని రాయించి చూడండి. మన దగ్గరి మామూలు ఇంగ్లిష్ సెట్టింగ్‌లో అయితే ఫైల్లో ఏడు ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. అదే ప్రోగ్రామ్ ఇప్పటి లైనక్స్‌లో మేడ్చల్‌ను మేడ్చల్‌గానే రాస్తుంది. ఇంట్లో విండోస్, కాలేజీ ల్యాబ్‌లో లైనక్స్ వాడే మేడ్చల్, శామీర్‌పేట పిల్లలు ముందు తమ కోడ్‌నే అనుమానిస్తారు. తప్పు వాళ్లది కాదు.

మన కంటికి మూడక్షరాలే. యూనికోడ్ లెక్కలో మాత్రం మ, ఏత్వం, డ, పొల్లు, చ, ల, మళ్ళీ పొల్లు: మొత్తం ఏడు. ఫైల్లో వీటిని ఏ సంకేతాల్లో రాయాలో మనం చెప్పకపోతే, పాత జావా ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగేది. విండోస్ చూపించే 1252 పట్టిక పశ్చిమ యూరప్ భాషల కోసం చేసినది. అందులో 256 గళ్ళే. తెలుగు 1991లో యూనికోడ్‌లోకి వచ్చింది కానీ, 1252 లాంటి విండోస్ పాత పట్టికల్లో దానికి ఏనాడూ చోటు దక్కలేదు. పట్టికలో లేని ప్రతి సంకేతానికీ జావా ఒక ప్రశ్నార్థకం పెట్టి, ఏమీ జరగనట్టు ముందుకు పోయేది. నా దృష్టిలో అసలు నేరం ఆ మౌనమే. పైథాన్ ఇలాంటి చోట కనీసం ఎర్రర్ చూపించి ఆగుతుంది.

1992 సెప్టెంబరులో న్యూజెర్సీలోని ఒక హోటల్లో, తోటి ప్రోగ్రామర్ రాబ్ పైక్ ఎదురుగా కూర్చుని, కంప్యూటర్ శాస్త్రవేత్త కెన్ థాంప్సన్ కంచం కింద వేసే కాగితం మీద, యూనికోడ్ సంకేతాలన్నిటినీ బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిని గీశాడు. అందులో తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు. లైనక్స్, మ్యాక్ క్రమంగా ఆ దారికొచ్చాయి. విండోస్ లోపల యూనికోడ్ పెట్టుకున్నా, పాత ప్రోగ్రాముల కోసం పాత పట్టికలను అలాగే ఉంచింది. 1996లో విడుదలైన జావా కూడా ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగే అలవాటును పాతికేళ్ళకు పైగా మోసింది. మారిస్తే పాత ఫైళ్ళు చదవలేమన్న భయం ఉంది మరి.

చివరికి 2022 మార్చిలో వచ్చిన జావా 18, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీదైనా, మనం వేరేగా చెప్పకపోతే ఫైళ్ళకు యూటీఎఫ్-8నే వాడటం మొదలుపెట్టింది. పైథాన్ 3.15 నుంచి అదే దారి పట్టాలని నిర్ణయించింది. మీ దగ్గర ఉన్నది పాత వెర్షన్ అయితే, ఫైల్ తెరిచే ప్రతి చోటా యూటీఎఫ్-8 అని విడిగా రాయండి. ఒకసారి ప్రశ్నార్థకమై ఫైల్లోకి వెళ్ళిన తెలుగక్షరాన్ని మళ్ళీ రాబట్టే దారి లేదు.